మేడ్చల్‌లో ట్యాంకు మార్పు

పాత డీజిల్ బండి దారిలో మొరాయిస్తే మనవాళ్లు ముందుగా తిట్టేది పంపును. పంపు విప్పించి, బెంచి మీద పరీక్ష చేయించి, వేలకు వేలు పోసుకుని వచ్చాక కూడా బండి మళ్లీ అదే ఎత్తులో ఆగుతుంది. మా బావ పికప్ విషయంలోనూ ఊరంతా పంపు మీదే తీర్పు చెప్పింది. దోషి మాత్రం చాసిస్ పక్కన, మట్టి పొరల మాటున, రెండు ఇనుప పట్టీల మధ్య వేలాడుతోంది.

బావది శామీర్‌పేట పక్కన పల్లె. టమాట, వంకాయ, ఆకుకూరలు వేస్తాడు. తెల్లవారకముందే సరుకు బోయిన్‌పల్లి మార్కెట్‌కు చేరాలి. బండి నంబరు ఏపీ 28, అంటే ఉమ్మడి రాష్ట్రంలో రంగారెడ్డి జిల్లాది. 2014లో టీఎస్ వచ్చింది. 2016 అక్టోబరులో జిల్లా విడిపోయి మేడ్చల్–మల్కాజిగిరి అయింది. 2024 మార్చిలో టీజీ వచ్చింది. బండి మాత్రం పాత రాష్ట్రం పేరుతోనే తిరుగుతోంది. దాన్ని చేసిన కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. ఇన్నేళ్లు వానలో, బురదలో తిరిగిన ఏ ఇనుప ట్యాంకైనా ఇలాగే అవుతుంది.

జబ్బు లక్షణాలు విచిత్రంగా ఉండేవి. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు బండి బాగానే లాగేది. సగానికి దిగాక, లోడుతో రాజీవ్ రహదారి ఎక్కి ఎత్తు తగిలితే గుక్కపట్టి ఆగిపోయేది. బీడీ కాల్చేంత సేపు ఆగితే మళ్లీ ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అయ్యేది. పొద్దున మాత్రం సెల్ఫ్ ఎంత కొట్టినా ఒక పట్టాన అందుకునేది కాదు.

"బామ్మర్దీ, దీన్ని అమ్మి అవతల పడేస్తా. కాంట పెట్టి తూకానికి ఇచ్చేస్తా" అని బావ ఫోన్లో కోపంగా అన్నాడు.

"ఆగు బావా. మేడ్చల్ ఉస్తాద్‌కు ఒక్కసారి చూపిద్దాం" అన్నాను.

మేడ్చల్ మీదుగా పోయేది నలభై నాలుగో నంబరు జాతీయ రహదారి, శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా. మొన్నమొన్నటి దాకా దాన్ని అందరూ సెవెన్ అనేవారు. వారణాసి నుంచి వచ్చే పాత ఏడో నంబరు అది. పెద్దవాళ్ల నోట ఇప్పటికీ అదే. నాగపూర్ నుంచి వచ్చే లారీలు ఊళ్లోకి దిగే ముందు ఊపిరి పీల్చుకునే చోటు కాబట్టి దాబాలు, టైర్ల దుకాణాలు, రేడియేటర్ పని చేసేవాళ్లు, పట్టీలు వేసే కమ్మరులు రోడ్డు పొడుగునా కుదురుకున్నారు. ఉస్తాద్ షెడ్డు అలాంటి చోటే ఉంది. పెద్దాయన. ఉర్దూ కలిసిన తెలుగు, నెమ్మదైన చేతులు. బోనెట్ ఎత్తే ముందు వెళ్లి డీజిల్ మూత తిప్పాడు. ఫుస్సుమని గాలి లోపలికి దూసుకుపోయింది. ఆయన మూత మళ్లీ బిగించి, మా ఇద్దరి వైపు చూసి నవ్వాడు.

"పటేలా, మీ బండికి ఊపిరాడుత లేదు."

ఆ మాట అర్థం కావాలంటే డీజిల్ నడిచే దారి తెలియాలి. ట్యాంకులోంచి డీజిల్‌ను పీల్చి పైకి తెచ్చేది ఫీడ్ పంపు. ఇంజిన్ పక్కన, పెద్ద పంపుకు అతుక్కుని ఉంటుంది. దాని తల మీద చేత్తో కొట్టే ప్రైమర్ ఉంటుంది. అక్కడి నుంచి డీజిల్ ఫిల్టరుకు, ఫిల్టరు నుంచి ఎఫ్ఐపీకి, అంటే ఆ పెద్ద ఇంజెక్షన్ పంపుకు, అక్కడి నుంచి ఒక్కో ఇంజెక్టరుకు పోతుంది. ఫీడ్ పంపు ఎప్పుడూ ఇంజిన్‌కు కావలసిన దానికన్నా ఎక్కువే పంపుతుంది. మిగిలింది రిటర్న్ పైపులో తిరిగి ట్యాంకుకు వస్తుంది. ట్యాంకులో ఎంత డీజిల్ తగ్గితే అంత గాలి లోపలికి రావాలి. అందుకే బ్రీదర్ అని ఒక సన్నని పైపు పెడతారు. అది బురదతో మూసుకుపోతే, సీసా మూతికి పెదాలు గట్టిగా అదిమి నీళ్లు పీల్చినట్టు అవుతుంది పంపు పని. కాసేపు వస్తుంది, తరవాత రాదు. బండి ఆపి నిలబడితే సందుల్లోంచి గాలి మెల్లగా దూరి లోపలి ఒత్తిడి సమానమవుతుంది, మళ్లీ స్టార్ట్ అవుతుంది. బావ బీడీ రహస్యం అదన్నమాట.

బ్రీదర్ శుభ్రం చేస్తే సరిపోతుంది కదా అని నా ఆశ. ఉస్తాద్ ఒప్పుకోలేదు. "ఒక రోగం దొరికిందని రెండోది ఎతకడం ఆపొద్దు సాబ్" అని డబ్బా పరీక్ష మొదలుపెట్టాడు. శుభ్రమైన డబ్బాలో డీజిల్ పోసి, కేబిన్ వెనక గట్టిగా కట్టి, ఫీడ్ పంపు పీల్చే పైపును, రిటర్న్ పైపును ట్యాంకు నుంచి విప్పి ఆ డబ్బాలో దించాడు. అంటే బండిలో అన్నీ పాతవే, ట్యాంకు ఒక్కటి మాత్రం వేరు. అవుటర్ రింగ్ రోడ్డు సర్వీసు రోడ్డు మీద లోడు వేసుకుని తిరిగొచ్చాం. ఒక్క దగ్గు లేదు. ఇంజిన్, ఎఫ్ఐపీ, ఇంజెక్టర్లు నిర్దోషులని అక్కడే తేలిపోయింది. పంపు బెంచికి పోవాల్సిన డబ్బు మిగిలింది.

ఆ తరవాత పైపులు మళ్లీ ట్యాంకుకే కలిపి, మధ్యలో ఒక మూర పారదర్శక పైపు ముక్క అతికాడు. ఇంజిన్ రేజ్ చేయగానే అందులో బుడగలు వరసకట్టాయి. పీల్చే వైపు పైపుకు చిల్లు పడితే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. కింద ఒక్క చుక్క కూడా కనబడదు. చాలామంది మేస్త్రీలు ఇక్కడే మోసపోతారు. ట్యాంకు దించి, లోపలి పీల్చుడు గొట్టం బయటికి తీస్తే సంగతి బయటపడింది. గొట్టం పైభాగంలో తుప్పు తిన్న సన్నని బెజ్జం. ట్యాంకు నిండుగా ఉంటే అది డీజిల్లో మునిగి ఉంటుంది, ఏ బాధా లేదు. మట్టం దాని కిందికి దిగిందా, డీజిల్‌తో పాటు గాలినీ పీలుస్తుంది. గొట్టం అడుగున ఉన్న జాలీకి తుప్పు పొడి, నల్లని జిగట పట్టి ఉన్నాయి.

నీళ్లు ఎక్కడివి అంటారా? సగం ఖాళీగా ఉన్న ట్యాంకులోకి తడి గాలి వస్తుంది, రాత్రి చల్లబడి లోపలి గోడల మీద చెమర్చి కిందికి దిగుతుంది. లీటరు డీజిల్ సుమారు 830 గ్రాములు తూగుతుంది, లీటరు నీళ్లు కిలో. బరువైనది అడుగున కూర్చుంటుంది, ఇనుమును తింటూ ఉంటుంది. బయటి వైపు నుంచి తినేవి పట్టీలు. వాటి కింద పెట్టిన రబ్బరు వాన నీటిని వదలదు. మా ట్యాంకు సరిగ్గా పట్టీ కిందే పలచబడి చెమ్మగిల్లుతోంది. బావ దానికి ఎప్పుడో బట్టల సబ్బు రుద్దాడు, ఆ తరవాత ఎమ్‌సీల్ పూశాడు. పాత డ్రైవర్ల వైద్యం అది, ఇంటికి చేరడానికి పనికొస్తుంది.

వెల్డింగ్ చేయించలేమా అని బావ అడిగాడు. ఉస్తాద్ ముఖం మారిపోయింది. "నిండు ట్యాంకు కన్నా ఖాళీ ట్యాంకు ఖతర్నాక్ పటేలా. లోపల ఆవిరి ఉంటది. నిప్పురవ్వ తగిల్తే ట్యాంకు ఉండదు, మనిషి ఉండడు." షెడ్డులో ఆ పని చేయనని తేల్చేశాడు. తుప్పు తిన్న రేకుకు అతుకు వేసినా పక్కనే మరో చోట పోతుందని కూడా అన్నాడు. ఫీడ్ పంపు సంగతి వేరే. లోపలి చెక్ వాల్వులు అరిగిపోయి రాత్రంతా డీజిల్ వెనక్కి జారిపోతోంది. పొద్దున సెల్ఫ్ అందుకోకపోవడానికి కారణం అదే. ట్యాంకు మార్చాలి, ఫీడ్ పంపూ మార్చాలి.

ఆ మోడల్‌కు కొత్త ఇనుప ట్యాంకు దొరకడం మానేసి చాలా కాలమైందట. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో రేకుతో చేసి ఇచ్చేవి చూశాం. రేకు మందం నాకు నచ్చలేదు. వేలితో నొక్కితే లోపలికి పోయి మళ్లీ పైకి లేస్తోంది. చివరికి ఒక పాత సామాన్ల యార్డులో, ముందు వైపు గుద్దుకుని తుక్కుకు వచ్చిన కొత్త తరం పికప్ కింద మాకు కావలసింది కనిపించింది. నల్లని ప్లాస్టిక్ ట్యాంకు. మా ట్యాంకు కన్నా కొంచెం చిన్నది, పొడవు ఎక్కువ, ఎత్తు తక్కువ. తుప్పు పట్టే గొడవే లేదు.

ఇలాంటివి కొనేటప్పుడు ధర కన్నా ముందు చూడాల్సింది మూతుల సంఖ్య. పీల్చే పైపుకు ఒకటి, రిటర్న్‌కు ఒకటి, బ్రీదర్‌కు ఒకటి, డీజిల్ పోసే మెడ, గేజ్ ఫ్లోట్ దిగే రంధ్రం, అన్నీ ఉండాలి. రిటర్న్ మూతి లేని ట్యాంకు డీజిల్ బండికి దండగ. టార్చి వేసి లోపల చూడాలి, పట్టీలు పడ్డ చోట ప్లాస్టిక్ నలిగిందేమో తడమాలి. వాసన కూడా చూడాలి, పెట్రోలు బండిది అంటగట్టే వాళ్లూ ఉంటారు. బేరం నాలుగు వేల దగ్గర తెగింది. యజమాని పట్టీలు కూడా ఇస్తానన్నాడు. అదే అసలు లాభం.

పంపు దగ్గర పెద్ద చర్చే నడిచింది. దుకాణంలో ఒక కుర్రాడు పెట్రోలు కారు ట్యాంకులో ఉండే కరెంటు పంపు చేతికిచ్చి "ఇది పెట్టండి సార్, ప్రైమర్ కొట్టే పనే ఉండదు" అన్నాడు. ఫోన్లో అడిగితే ఉస్తాద్ ఒక్క మాటతో కొట్టేశాడు. అది మూడు బార్ల దాకా ఒత్తిడితో తోస్తుంది. మా పాత పంపు సీళ్లు అంత ఒత్తిడికి తయారైనవి కావు. సీలు తెగితే డీజిల్ ఇంజిన్ ఆయిల్లో కలుస్తుంది, అప్పుడు బేరింగులకే ముప్పు. తక్కువ ఒత్తిడి కరెంటు పంపులు కూడా దొరుకుతాయి. వాటికి రిలే, ఫ్యూజు, గుద్దుకున్నప్పుడు తనంతట తానే ఆగే స్విచ్చు లేకపోతే బండి బోల్తా పడ్డాక కూడా డీజిల్ తోస్తూనే ఉంటాయి. నా అభిప్రాయం కూడా ఉస్తాద్ వైపే. అర్ధరాత్రి కూరగాయల లోడుతో ఆగితే చేత్తో నాలుగు సార్లు కొట్టి కదిలించగలిగే పంపే రైతు బండికి మేలు. రాణిగంజ్‌లోనే వేరే మోడల్‌కు వచ్చే కొత్త మెకానికల్ ఫీడ్ పంపు తీసుకున్నాం. ఫ్లాంజి, లోపలి పుష్‌రాడ్ పొడవు పాతదానితో కొలిచి చూసుకున్నాకే డబ్బిచ్చాం. ఫ్లాంజి సరిపోయినా రాడ్ కొంచెం తేడా ఉంటే పంపు సగమే పనిచేస్తుంది.

బావ ట్యాంకును ట్రాలీ ఆటోలో వేసుకుని రోడ్డు దారిన వెళ్లాడు. డీజిల్ వాసన కొట్టే ట్యాంకును రైలెక్కించడం చట్టం ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. నేను కొత్త పంపు పెట్టెను సంచిలో పెట్టుకుని సికింద్రాబాద్‌లో ఎంఎంటీఎస్ ఎక్కాను. మేడ్చల్ దాకా ఈ లోకల్ రైళ్లు 2023 ఏప్రిల్‌లో మొదలయ్యాయి. ఈ దారిలో స్టేషన్ల పేర్లు చదవడమే ఒక వినోదం. మల్కాజిగిరి, దయానంద్ నగర్, సఫిల్‌గూడ, రామకృష్ణాపురం, అమ్ముగూడ, ఆ తరవాత హఠాత్తుగా కావల్రీ బ్యారక్స్. కంటోన్మెంటు గుర్రాల కాలం ఒక బోర్డు మీద మిగిలిపోయింది. అల్వాల్ దాటితే బొల్లారం, రాష్ట్రపతి నిలయం ఉన్న ఊరు. మన్మాడ్ దాకా పోయే పాత మీటర్ గేజ్ దారి ఇది. నా చిన్నప్పుడు ఈ పట్టాల పక్కన పందిళ్ల మీద అనాబ్‌షాహీ ద్రాక్ష గుత్తులు వేలాడేవి. కొంపల్లి, మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల ద్రాక్షతోటలకు ఒకప్పుడు పెద్ద పేరు. ఇప్పుడు గుండ్లపోచంపల్లి, గౌడవల్లి దాటుతుంటే కిటికీలోంచి వెంచర్ల ప్రహరీలు, గోదాముల రేకులు, ఫంక్షన్ హాళ్ల వెనక గోడలు కనిపిస్తాయి. ఎదురు సీటులోని పెద్దమ్మ నా సంచిలోని పెట్టె చూసి "ఏంది బిడ్డా, మిక్సీనా?" అని అడిగింది. డీజిల్ పంపు అంటే, వాళ్ల ట్రాక్టరు సంగతి మొదలుపెట్టి మేడ్చల్ దాకా ఆపలేదు. వాళ్లదీ గాలి పట్టిన కేసే అనిపించి డబ్బా పరీక్ష చెప్పాను.

షెడ్డులో పని బ్రాకెట్లతో మొదలైంది. కొత్త ట్యాంకు పొడవు ఎక్కువ కాబట్టి పాత బ్రాకెట్ల మధ్య కూర్చోలేదు. ట్యాంకును బాగా దూరంగా చెట్టు కింద పెట్టించి, బ్యాటరీ తీగలు విప్పి, ఆ తరవాతే ఉస్తాద్ వెల్డింగ్ కుర్రాడిని పిలిచాడు. చాసిస్‌కు ఎక్కడా కొత్త బెజ్జం వేయలేదు, ఉన్న బెజ్జాలకే పట్టీ ముక్కలు చేయించాడు. సైలెన్సర్ పైపుకు, ట్యాంకుకు మధ్య జానెడు ఎడం ఉండాలని పట్టుబట్టాడు. ప్లాస్టిక్ తుప్పును తట్టుకుంటుంది, వేడిని కాదు. పీల్చే పైపుకు కుర్రాడు మామూలు నీళ్ల పైపు తెస్తే తిప్పి పంపాడు. డీజిల్ తగిలితే ఆ రబ్బరు ఉబ్బి, మెత్తబడి, లోపలి నుంచే మూసుకుపోతుందట. పాత రాగి వాషర్లను మాత్రం పారేయలేదు. ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచాడు. అలా చేస్తే రాగి మళ్లీ మెత్తబడుతుంది, బోల్టు బిగిస్తే చక్కగా అతుక్కుంటుంది. దుకాణంలో పదో పరకో పెడితే కొత్తవి వస్తాయి కదా అన్నాను. "వస్తయ్ సాబ్, అవి గట్టిగా ఉంటయ్" అన్నాడు.

బ్రీదర్ పైపును కిందికి వదలకుండా, బాడీ అంచు దాకా పైకి లాగి, కొన వంచి కట్టాడు. ఈసారి బురద అందదు. అన్నీ బిగించాక గాలి తీయడం. ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి, ప్రైమర్ కొడుతూ పోతే మొదట నురగ వచ్చింది, తరవాత బుడగలు, ఆ తరవాత నిండు ధార. స్క్రూ బిగించి, ఇంజెక్టరు పైపుల నట్లు కాస్త వదిలి సెల్ఫ్ కొట్టించాడు. ఒక్కో నట్టు దగ్గర డీజిల్ చిమ్మగానే దాన్ని బిగించేశాడు. ఇంజిన్ అందుకుంది. బావ ముఖంలో మొదటిసారి నవ్వు కనిపించింది.

గేజ్ మాత్రం ఒప్పుకోలేదు. ట్యాంకు నింపితే ముల్లు సగం దగ్గర నిలబడింది. ఫ్లోట్ పంపే నిరోధం కొలత ఒక్కో మోడల్‌కు ఒక్కోలా ఉంటుంది, పాత మీటరుకు కొత్త ఫ్లోట్ భాష తెలియదు. ఉస్తాద్ దాని జోలికి పోలేదు. ఒక సన్నని కర్ర తెచ్చి, ట్యాంకు మళ్లీ ఖాళీ చేయించి ఐదేసి లీటర్లు పోస్తూ, పోసినప్పుడల్లా కర్ర ముంచి గాటు పెట్టించాడు. ఆ కర్ర ఇప్పుడు బావ సీటు వెనక ఉంటుంది. డాష్‌బోర్డు కన్నా అదే నిజం చెబుతుంది.

చట్టం సంగతి కూడా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలోని వివరాలు తయారీదారు ఇచ్చిన అసలు వివరాలతో తేడా పడేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణలో, అనుమతి లేని ఒక్కో మార్పుకు ఐదు వేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని రాశారు. మేం ఇంధనం మార్చలేదు, సామర్థ్యం పెంచలేదు, చోటు మార్చలేదు. అయినా ఫిట్‌నెస్‌కు వెళ్లే ముందు రవాణా శాఖ ఆఫీసులో అడిగి రమ్మని, బీమా వాళ్లకు ఒక కాగితం పెట్టమని బావకు చెప్పాను. ఎనిమిదేళ్లు దాటిన సరుకు బండికి ఏటా ఫిట్‌నెస్ తప్పదు. ఎక్కువ దూరం పోవచ్చని రెండో ట్యాంకు తగిలించే వాళ్లను చూశాను. ఆ పని చేయకండి. అది చట్టానికీ విరుద్ధం, ప్రాణానికీ ముప్పు.

పరీక్షకు లోడు కావాలి. బావకు కోళ్ల ఎరువు కావాలి. రెండూ కలిసొచ్చాయి. బస్తాలు నింపుకుని, అవుటర్ ఎక్కకుండా లోపలి రోడ్డు మీదుగా మేడ్చల్ నుంచి శామీర్‌పేట వైపు బయల్దేరాం. వాసన గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. కావాలనే ట్యాంకును పావు వంతుకు దించాం, రోగం బయటపడేది అక్కడే కాబట్టి. పారదర్శక పైపు ముక్కను తీయకుండా ఉంచి, దిగినప్పుడల్లా బోనెట్ ఎత్తి చూశాను. బుడగ లేదు. రాజీవ్ రహదారి ఎక్కి తూంకుంట దాటి హకీంపేట వైపు ఎయిర్‌ఫోర్సు గోడ వెంట పోయాం. ఈ రోడ్డు మీదే ప్యారడైజ్ నుంచి శామీర్‌పేట అవుటర్ దాకా 18 కిలోమీటర్ల ఎలివేటెడ్ కారిడార్‌కు 2024 మార్చిలో శంకుస్థాపన చేశారు. అది పూర్తయ్యాక తెల్లవారుజామున బోయిన్‌పల్లికి కూరగాయలు తేలిగ్గా చేరతాయా, లేక బావ పొలం కూడా వెంచరవుతుందా అని మేమిద్దరం వాదించుకున్నాం. ఎవరి మాటా నెగ్గలేదు.

వెనక్కి వస్తూ ఇదివరకు బండి ఆగిపోయే ఎత్తులో బావ కావాలని గేరు దించకుండా తొక్కాడు. కాస్త పొగ వచ్చింది. బండి ఆగలేదు. శామీర్‌పేట చెరువు దగ్గర కట్టమైసమ్మకు కొబ్బరికాయ కొట్టి, టైరు కింద నిమ్మకాయ పెట్టి, ఇంటికి వచ్చి ఎరువు దించాం. మర్నాడు పొద్దున సెల్ఫ్ మొదటి తిప్పుకే అందుకుందని బావ ఫోన్ చేశాడు.

పాత డీజిల్ బండి ఉన్నవాళ్లకు ఒక మాట. వానాకాలం రాకముందే ట్యాంకు పట్టీలు వదులు చేయించి వాటి కింద చూడండి. ఫిల్టరు అడుగున నీళ్లు వదిలే స్క్రూ ఉంటే అప్పుడప్పుడూ తిప్పండి. రాత్రి బండి పెట్టేటప్పుడు వీలైనంత వరకు ట్యాంకు నిండుగా ఉంచండి. మూత తీసినప్పుడు గాలి లోపలికి లాగిన శబ్దం వస్తే, పంపు విప్పుతానన్న మేస్త్రీని ముందు బ్రీదర్ విప్పమనండి.